ఆరో గడి

రోజూ పదకొండున్నరకి పరీక్షమ్మ చొక్కా తిరగేసి తొడుక్కుంటుంది. అంటే బొత్తాలు వీపు వైపుకి వచ్చేలాగన్నమాట. అలా తొడుక్కుని, నూనెల గది పక్కనున్న ఇనప మెట్లెక్కి డాబా మీదకి వెళ్తుంది. అక్కడ ఎవరి కంటా పడకుండా నాలుగు వైపులా పాత దుప్పట్లు కట్టి ఉంటాయి. మధ్యలో ఓ ముక్కాలిపీట. దాని మీద ఆమె కూర్చుంటే, వెనకాలే వచ్చిన వాళ్ళక్క బొత్తాలు విప్పి, బాల్‌పెన్నుతో వీపు మీద పై నుంచి కిందికి ఆరు గళ్ళు గీస్తుంది.

"కదలకే. గీత వంకర పోతోంది."

"చక్కిలిగింతలు పెడితే కదలక ఏం చేస్తాను?"

"ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా చక్కిలిగింతలేంటే నీకు!"

మొదటి అయిదు గళ్ళలో అయిదు రకాల ఎండ క్రీములు రాస్తుంది అక్క. ఆరో గడి ఖాళీ. ఏమీ రాయని చర్మం ఎంత కందిందో తెలిస్తేనే కదా, రాసిన చర్మం ఎంత తట్టుకుందో తెలిసేది. ఆ పద్ధతి అక్క ఎక్కడో చదివి పట్టుకొచ్చింది. గంటసేపు ఎండలో కూర్చోవాలి. కందడం అప్పటికప్పుడు తేలదు, మర్నాడు పొద్దున చూడాలి. చూసి, ఏ గడి ఎలా ఉందో అక్క నోటు పుస్తకంలో రాసుకుంటుంది.

గళ్ళు గీసి అక్క దిగిపోయాక పరీక్షమ్మ ఒంటరిగా ఉంటుందనుకునేరు. అమ్మ ఉంటుంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది గానీ అమ్మ నీడ పోలేదు. సాగనంపి వచ్చిన మర్నాడు పొద్దున చిన్నకూతురు గుమ్మం దిగితే, మంచినీళ్ళ కుండ పక్కన నిలబడ్డట్టు భుజం చల్లబడింది. చూస్తే అమ్మ నీడే. పొట్టి మనిషి, కుడి భుజం కాస్త వంగి ఉండేది. నీడా అంతే. సూర్యుడు ఏ దిక్కున ఉన్నా సరే, అది సూర్యుడికీ చిన్నకూతురికీ మధ్యనే పడుతుంది.

ఇందులో వింతపడ్డవాళ్ళెవరూ లేరు. ఎండాకాలం బస్టాపులో జనం ఓ బెత్తెడు చల్లదనం దక్కుతుందని ఆమె వెనకే లైను కడతారు. కింద అంతస్తులో టైర్లు బాగుచేసే పెద్దాయన, "అమ్మగారూ, కాస్త పక్కకి, ఈ చిల్లు ఎక్కడుందో కనపడట్లేదు" అంటాడు. అంటే నీడ కాస్త జరుగుతుంది. దీపం వెలుతురు దగ్గరైతే ఎవరడిగినా జరుగుతుంది. ఎండ దగ్గర మాత్రం ఎవరు చెప్పినా వినదు.

వినకపోవడానికి ఓ కారణం ఉంది. చిన్నప్పుడు పరీక్షమ్మకి ఎండ తగిలితే చాలు, బొబ్బలెక్కేవి. అమ్మదేమో ఓ పెద్ద మైదానంలో బళ్ళు నిలిపేవాళ్ళకి చీటీలిచ్చే పని. చెట్టూ లేదు, పాకా లేదు. ఇరవై రెండేళ్ళు ఆ ఎండలోనే నిలబడింది. ముక్కు పక్కన ఓ చిన్న పుండు లేస్తే, రోజూ ఇంత నూనె రాసి "మానిపోతుందిలే" అనేది. అది మానలేదు. డాక్టరుకి చూపించేసరికి ఎముకలోకి దిగిపోయింది.

అమ్మ పోయాక అక్క మందుల షాపులో ఉద్యోగం మానేసి ఈ నూనెల పని పెట్టింది. అమ్మ ముఖం తినేసిన ఎండని ఇంకెవరి ముఖం మీదా పడనివ్వనని పంతం. ఏమాటకామాట చెప్పుకోవాలి, ముఖానికి రాసుకునే నూనెలు మాత్రం బంగారంలాంటివి చేసేది. బాదం నూనె, నువ్వుల నూనె, ద్రాక్షగింజల నూనె, క్యారెట్ గింజల నూనె. గానుగ పట్టించి, గుడ్డలో వడకట్టి, గోధుమరంగు గాజు సీసాల్లోకి ఎక్కించేది. కొత్త రకం ఏదొచ్చినా ముందు చెల్లెలి ముఖానికే రాసేది. పొడి చర్మానికి ఏది, జిడ్డు చర్మానికి ఏది, ఏది రాస్తే మొటిమలు లేస్తాయి, అన్నీ చెల్లెలి బుగ్గల మీదే తేలేవి. ఓసారి ఏదో ఆకు నూనెకి ఆమె ముఖం బూరెలా ఉబ్బిపోయింది. ఆ వారమంతా అందరూ ఆమెని చూసి నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పరీక్షమ్మ అనే పేరు అప్పుడే వచ్చింది.

చిక్కంతా ఎండ క్రీముతోనే వచ్చింది. ఎండనాపేది అందులో కలిపే జింక్ పొడి. అది కలిపితే ముఖం తెల్లగా పిండి రాసినట్టవుతుంది. కొనేవాళ్ళు ఊరుకుంటారా? "మా ఆయన దెయ్యమనుకున్నాడండీ" అని ఒకావిడ, "ఆఫీసులో పరువు పోయింది" అని ఇంకొకావిడ. దాంతో అక్క పొడి తగ్గించడం మొదలెట్టింది. కొంచెం తగ్గించి చెల్లెలి వీపు మీద రాసింది. కందలేదు. ఇంకాస్త తగ్గించింది. కందలేదు. తగ్గించి తగ్గించి, పన్నెండో రకం దగ్గరికొచ్చేసరికి పొడన్నదే లేదు, ఉత్త నూనెలే. అదీ కందలేదు!

అక్కకి కాళ్ళు నేల మీద ఆగలేదు. వచ్చినవాళ్ళందరికీ చెల్లెల్ని చూపించేది. "ఒకప్పుడు ఎండ తగిలితే బొబ్బలెక్కే పిల్లండీ. ఇప్పుడు రోజూ మిట్టమధ్యాహ్నం గంట కూర్చుంటోంది. చూడండి, పాలగిన్నెలా ఉంది వీపు." వాళ్ళు చూసేవారు. చెల్లెలి వీపూ చూసేవారు, ఆ వీపు మీద నిలబడ్డ నీడనీ చూసేవారు. చూసి, సీసాలు కొనుక్కుని వెళ్ళేవారు. రోజూ కళ్ళెదుట ఉండేదాన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి.

ఒక శుక్రవారం పొద్దున ఈత నేర్పే మాస్టారు వచ్చాడు. సోమవారం నుంచి నెల్లాళ్ళు పిల్లల శిబిరం. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలు, మూడొందల మంది, రోజూ పది నుంచి పన్నెండు దాకా నీళ్ళల్లో. ఒక్కొక్కరికి ఒక్కో సీసా కావాలన్నాడు.

"తెల్లగా అవ్వకపోవడం భలే నచ్చిందండీ తల్లులకి. నాకే కాస్త ముక్కు మీద తోలు ఊడింది. రాసుకోవడం చేతకాదు కదా, మొద్దు చేతులు."

"దట్టంగా రాయాలండీ. పొదుపు చేస్తే ఎలా?" అంది అక్క నవ్వుతూ.

పరీక్షమ్మ సీసాలకి మూతలు బిగిస్తోంది. తలెత్తి చూసింది. మాస్టారి ముక్కు మీద చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది. వంగి సంచి తీసుకుంటుంటే చొక్కా కాలర్ కింద మెడ కూడా అలాగే కనిపించింది. అలాంటి తోలు ఊడడం ఆమెకి బాగా తెలుసు. చిన్నప్పుడు తన భుజాలు అలాగే ఊడేవి, రాత్రంతా బోర్లా పడుకునేది.

ఆయన వెళ్ళాక, చేతులు కడుక్కుంటానని చెప్పి నీళ్ళగదిలోకి వెళ్ళింది. చొక్కా తిరగేసి తొడుక్కుని, గోడ అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో చిన్న అద్దం పట్టుకుని, ఆఖరి బొత్తం కూడా విప్పింది. నిన్నటి గళ్ళు ఇంకా చెరగలేదు. ఆరో గడి నడుము దగ్గర, రోజూ గళ్ళు చూసే వేళకి ఆ ఆఖరి బొత్తం చాటునే ఉండేది. పొద్దున్నే హడావిడిలో అక్క ఆ బొత్తం విప్పేది కాదు. ఇప్పుడు చూస్తే ఆ గడి మిగతా అయిదింటిలాగే తెల్లగా ఉంది. వేలితో నొక్కింది. మంట లేదు, నొప్పి లేదు.

బయటికొచ్చి నోటు పుస్తకం తీసింది. ప్రతి పేజీలోనూ ఆరో గడి ఎదురుగా 'కందింది' అని ఉంది. ఒకే సిరా, ఒకే వాటం. ఇంకా రాని వచ్చే నెల పేజీల్లో కూడా కందిందనే ఉంది. ఏమీ రాయని చర్మం ఎలాగూ కందుతుంది కదా, రోజూ రాయడం దేనికని అక్క ఓ ఆదివారం కూర్చుని పుస్తకమంతా ఒక్కసారే రాసి పడేసింది.

అక్క అట్టపెట్టెలకి టేపు అంటిస్తోంది.

"అక్కా, ఆరో గడి కందలేదు."

"ఏ రోజుది?"

"ఏ రోజుదీ కందలేదు."

అక్క చేతిలో టేపు ఆగింది. "అంటే?"

"మన క్రీము ఏమీ ఆపట్లేదు. అమ్మ ఆపుతోంది. తెల్లపొడి లేకుండా ఆ పిల్లల్ని నీళ్ళల్లోకి దింపితే ఒళ్ళంతా తోలు ఊడిపోతుంది అక్కా. మాస్టారి ముక్కు చూశావా?"

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి అక్క. ఒంటికాలి మీద లేచింది.

"అమ్మ, అమ్మ, అమ్మ! దీన్లోకి కూడా అమ్మని లాక్కొచ్చావా? ఆఖరి ఏడాది ఆ పుండు కడిగింది ఎవరే? ఒళ్ళు తుడిచింది ఎవరు? నువ్వు ఆవిడ పోయే రెండ్రోజుల ముందొచ్చి మంచం పక్కన కూర్చున్నావు. సేవ నాదీ, నీడ నీదీ!"

"నేనడిగానా?"

"నువ్వడగలేదు. నీకు అడక్కుండానే దొరుకుతుంది. సెలవులొస్తే ఇద్దర్నీ ఆ మైదానానికి తీసుకెళ్ళేదా, నిన్ను తన వెనక నిలబెట్టుకునేది. నా చేతికి చీటీల కట్టిచ్చి బళ్ళ మధ్యకి తోలేది. నాకు మాత్రం ఎండ తగలదా? ఆవిడకి ఉన్నది ఒక్క నీడ. అది బతికుండగా నీకే, చచ్చాక నీకే. పోనీలే అనుకున్నాను. నా చేతుల్తో నేను చేసుకున్నది ఈ ఒక్కటి ఉందంటే, ఇది కూడా ఆవిడ చేసిందే అంటున్నావు నువ్వు."

అక్క చెప్పిందాన్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ మైదానంలో అమ్మ వెనక చల్లగా నిలబడి, ఎర్రటి ఎండలో అటూ ఇటూ పరిగెత్తే అక్కని చూస్తూ తను పాటలు పాడుకునేది. అప్పుడు అది ఆటలా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

"పద," అంది అక్క కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసి. "ఇప్పుడే. నా వీపు మీద గియ్యి. నా మీదైతే ఎవరి నీడా పడదుగా. రేపు పొద్దుటికి తేలిపోతుంది."

డాబా మీద ముక్కాలిపీట పక్కన ఇంకో డబ్బా బోర్లించారు. ఒకరి వీపు మీద ఒకరు గళ్ళు గీసుకున్నారు. పన్నెండో రకం, పాత తెల్లది, ఖాళీ గడి. అక్క ఒళ్ళు చాలా ఏళ్ళుగా ఎండ ఎరగదు. పొద్దస్తమానం నూనెల గదిలోనే ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నడినెత్తిన సూర్యుడు. చెల్లెలి మీద నీడ, అక్క మీద ఎండ, ఆ మైదానంలో ఎలా ఉండేవో అలాగే.

పది నిమిషాలు గడిచాయి. అక్క మెడ మీదనుంచి చెమట కారి గళ్ళ గీతల్లోకి దిగుతోంది. కాసేపటికి పరీక్షమ్మకి ఆ చల్లదనమే భరించరానిదైంది.

"అమ్మా, లే," అంది. "నా మీదనుంచి లే."

నీడ కదల్లేదు.

"మూడొందల మంది పిల్లలమ్మా. నువ్వు వాళ్ళందరి మీదా నిలబడగలవా? లేవలేవా నా మీదనుంచి?"

నీడ కదల్లేదు. పైగా ఇంకాస్త వంగి దగ్గరికి వచ్చినట్టనిపించింది.

"ఊరుకోవే. ఆవిడ వినదు," అంది అక్క, అటు తిరక్కుండానే.

పరీక్షమ్మకి ఉక్రోషం ముంచుకొచ్చింది. "అక్కని చూడమ్మా! ఒక్కసారన్నా చూశావా దాన్ని నువ్వు?" అని గట్టిగా అరిచేసింది. కింద టైర్ల కొట్లో సుత్తి చప్పుడు ఆగింది.

అప్పుడు నీడ లేచింది.

చెల్లెలి మీద ఎండ ఒక్కసారిగా పడింది. ఆరేళ్ళ తర్వాత పడుతున్న ఎండ. పెనం దగ్గర ముఖం పెట్టినట్టయి ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నీడ అక్క దగ్గరుంది. వీపు మీద పడలేదు, తల మీద పడలేదు. ముడుచుకుని ముడుచుకుని అరచేయంత అయి, ఎడమ చెవి వెనకాల ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఏదో చల్లగా..." అని అక్క ఆగింది. "వచ్చిందా?"

"ఊఁ."

"ఎక్కడుంది?"

"నీ చెవి వెనకాల."

"అక్కడేముందని?" అంది అక్క. అంటూనే బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లలా తల వంచి ఆ చల్లదనాన్ని చెవికి ఆనించుకుంది.

పరీక్షమ్మ లేచి దగ్గరికెళ్ళి అక్క జుట్టు పైకెత్తింది. చెవి వెనక ముడతలో శెనగబద్దంత పుండు. చుట్టూ అంచు లేచి, మధ్యలో పక్కుకట్టి, నూనె రాసి రాసి మెరుస్తోంది.

"ఇదెప్పట్నుంచి అక్కా?"

"ఏది? అదా? కళ్ళజోడు కాడ ఒరుసుకుంటోందిలే. ఏడాదయిందేమో. రోజూ నూనె రాస్తున్నాను. మానిపోతుందిలే."

మానిపోతుందిలే. అమ్మ అన్న మాటే, అదే విసురు.

"డాక్టరు దగ్గరికి పోదాం. ఇప్పుడే."

"నీకు అన్నిటికీ భయమే. నూనెతో తగ్గని పుండుందా?"

ఎంత బతిమాలినా అక్క వినలేదు, గంటా నిండేదాకా చెల్లెల్ని కూడా ఎండలోంచి లేవనివ్వలేదు. అమ్మ వచ్చిందన్న సంతోషంలో ఉంది, ఎందుకొచ్చిందో అడగలేదు. ఆ సాయంత్రమంతా కిటికీ దగ్గర ఎడమ చెవి బయటికి పెట్టి కూర్చుని, సీసాలకి మూతలు బిగించింది. మూడొందలకి ఎనిమిది తక్కువ దాకా బిగించింది.

శనివారం తెల్లారింది. ఇద్దరూ అద్దం ముందు వీపులు విప్పుకుని నిలబడ్డారు. ఇద్దరి వీపుల మీదా ఒకే కథ. పాత తెల్లది రాసిన గడి ఒక్కటే మామూలుగా ఉంది. ఖాళీ గడి నిప్పులా ఎర్రబడింది. పన్నెండో రకం రాసిన గడి దానికి కవలపిల్లలా అంతే ఎర్రబడింది. చెల్లెలికైతే ఆ రెండు గళ్ళలోనూ నీటిపొక్కులు కూడా లేచాయి.

అక్క చాలాసేపు చూసింది. గడి మీద వేలు పెట్టి నొక్కి, మంటకి చెయ్యి లాక్కుంది. తర్వాత వెళ్ళి నూనె డబ్బా మీద కూలబడింది.

"ఏమీ ఆపలేదే," అంది. "నా నూనె ఏమీ ఆపలేదు."

"ముఖానికి మంచిదే కదక్కా. ఎండకి పనికిరాదంతే."

అక్క ఆ మాట విన్నట్టు లేదు. మెల్లగా ఎడమ చెయ్యి ఎత్తి చెవి వెనక తడుముకుంది. నూనె ఎండనే ఆపలేనప్పుడు ఇంకేం మానుస్తుందన్న ఆలోచన అప్పుడే, ఆ డబ్బా మీద కూర్చున్నప్పుడే ఆమెకి తట్టింది.

"చెల్లీ, ఆ మాస్టారికి ఫోన్ చెయ్యి. పాతదే ఇస్తాం, పిల్లలు తెల్లగా అయితే అవుతారు, లేకపోతే అస్సలు వద్దని చెప్పు. తర్వాత... తర్వాత పద, చూపించుకొద్దాం."

చర్మాల డాక్టరమ్మ చిన్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చిన రోజున ఇద్దర్నీ కూర్చోబెట్టి, అది అమ్మకి వచ్చిన జబ్బేనని, కోసి తీసెయ్యాలని చెప్పింది.

"పోతుందా డాక్టరుగారూ?" అనడిగింది పరీక్షమ్మ.

"పోతుంది. ఇంకా పైపైనే ఉంది. ఈ చోట ఎవరికీ కనపడదు, చాలామంది చేతులు కాలాకే వస్తారు. ఎవరు చూశారు దీన్ని?"

"మా అమ్మ," అంది అక్క.

డాక్టరమ్మ అక్క చెవి దగ్గరున్న నీడ వైపు ఓసారి చూసి తలూపింది. "మంచిపని చేశారండీ," అని దానితో అని, కాగితం మీద తేదీ రాసిచ్చింది.

కోత బాగానే జరిగింది. తొడ మీదనుంచి చర్మం తీసి అతికారు గనక రెండ్రోజులు ఉండమన్నారు. మధ్యాహ్నం అక్క తలకి కట్టుతో మంచం మీద పడుకుని ఉంది. కిటికీలోంచి ఎండ మంచం దాకా వస్తోంది, కట్టు మీద మాత్రం పడట్లేదు. దిండు పక్కన అమ్మ నీడ ఉంది. అక్క ఆ వైపుకి తిరిగి, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది. ఆ ముఖంలో అంత నిమ్మళం పరీక్షమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఇంటికెళ్ళి బట్టలు తేవాలి. సంచి భుజాన వేసుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగింది. నీడ లేవలేదు.

"అమ్మా, నేనెళ్తున్నా," అంది.

నీడ లేవలేదు. పిలిస్తే వస్తుందేమో, పిలవాలనే ఉంది ఆమెకి. కుళ్ళుగా కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. కానీ అక్క ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ కాసేపు నిలబడి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేసింది.

రోడ్డు మీద మండే ఎండ. ఆ ఎండ నుదుటి మీద పడింది, బుగ్గల మీద పడింది, కనురెప్పల మీద పడింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. నేల మీద తన నీడ ఒక్కటే ఉంది. ఆరేళ్ళ కిందట అమ్మని సాగనంపిన రోజున అందరూ ఏడుస్తుంటే ఆమెకి మాత్రం కంట నీరు రాలేదు. మర్నాటికల్లా అమ్మ వచ్చి పక్కన నిలబడింది, ఇంక ఏడవాల్సిన అవసరమే పడలేదు. లోకానికి అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆమెకి మాత్రం ఆ మధ్యాహ్నమే పోయింది.

రోడ్డు పక్కన గోడకి చెయ్యి ఆనించి, ఎండలోనే నిలబడి, "అమ్మా" అని పైకే ఏడ్చింది. దారినపోయేవాళ్ళు ఆగి, "ఎవరు పోయారమ్మా?" అనడిగారు.

"మా అమ్మ," అంది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే," అంది పరీక్షమ్మ.